సైగ కూడా ఒక మాటే

ఆటలో ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. ఇది అందరికీ తెలిసిన సంగతే. అయితే గెలిచినవాడు తన గెలుపును ఎలా ప్రకటించుకోవాలి, ఓడినవాడు తన ఓటమిని ఎలా భరించాలి అన్నది ఆటకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. అది అఖ్లాఖ్‌కు, అంటే నైతికతకు సంబంధించిన ప్రశ్న. అమెరికా విశ్వవిద్యాలయాల క్రీడల్లో ఈ విషయమై ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరుగుతున్నాయి. నోటితో ఒక్క మాట అనకుండా, ఎదుటివాడి ఒంటిమీద చేయి వేయకుండా, కేవలం వేళ్లతోనో కాలితోనో చేసిన సైగకు శిక్ష విధించడం న్యాయమేనా? ఆటలో ఆ మాత్రం సరదా ఉండకూడదా?

మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయాల్లోనే చదువుతున్నారు. వారు స్నేహితులతో కలిసి ఆ మైదానాలకు వెళ్తారు, ఆ సైగలు నేర్చుకుంటారు. ఇక్కడ మన కాలేజీ మైదానాల్లోనూ, వీధి క్రికెట్‌లోనూ వికెట్ పడగానే అవుటైనవాడి వైపు చూసి వేలు చూపించడం మామూలైపోయింది. కనుక ఈ ప్రశ్నను ఖుర్ఆన్, హదీసుల వెలుగులో ఒకసారి పరిశీలించడం అవసరం.

ఒక సైగ ఖరీదు

2019 నవంబరు 28న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఇది మనం ఎరిగిన కాలిబంతి ఆట కాదు. బంతిని చేతబట్టి ఎదుటి జట్టు గీత దాటించే ఆట. ఈ రెండు జట్ల మధ్య పోటీ వందేళ్లకు పైబడినది. దానిని "ఎగ్ బౌల్" అని పిలుస్తారు. ఆట ముగియడానికి 4 సెకన్లు ఉందనగా వెనుకబడి ఉన్న జట్టు ఆటగాడు బంతితో గీత దాటి 6 పాయింట్లు సంపాదించాడు. స్కోరు 21-20 అయింది. ఆ తర్వాత లభించే ఒక్క తన్నుతో బంతిని స్తంభాల మధ్య నుంచి పంపితే చాలు, రెండు జట్లూ సమానమవుతాయి.

కానీ ఆ ఆటగాడు సంతోషం పట్టలేక నాలుగు కాళ్ల జంతువులా నేలమీద పాకి, కుక్క కాలెత్తి మూత్రం పోసినట్లు నటించాడు. ఎదుటి జట్టు చిహ్నం బుల్‌డాగ్ జాతి కుక్క. రిఫరీ వెంటనే 15 గజాల పెనాల్టీ విధించాడు. సుమారు 20 గజాల నుంచి తన్నవలసిన బంతిని 35 గజాల నుంచి తన్నవలసి వచ్చింది. గురి తప్పింది. ఒక్క పాయింటు తేడాతో జట్టు ఓడిపోయింది. కొద్ది రోజుల్లోనే ఆ జట్టు కోచ్ ఉద్యోగం కూడా పోయింది.

ఆ యువకుని పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరిలోనైనా తప్పు కనబడితే దైవప్రవక్త (స) ఫలానా వ్యక్తి అని పేరెత్తకుండా, కొందరు ఇలా ఎందుకు చేస్తున్నారని మాత్రమే అనేవారు (అబూదావూద్). వెక్కిరింపు గురించి రాస్తూ ఒకరిని నలుగురిలో నవ్వులపాలు చేయడం సబబు కాదు.

సైగ మాట కాదా?

"నేనేమీ అనలేదే!" అని సైగ చేసినవాడు సాధారణంగా తప్పించుకో చూస్తాడు. షరీఅత్‌లో ఈ సాకు చెల్లదు.

ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) ప్రవక్త (స) సన్నిధిలో హజ్రత్ సఫియ్యా (రజి) ప్రస్తావన వచ్చినప్పుడు ఆమె పొట్టిదన్న అర్థంలో చేత్తో సైగ చేశారు. సముద్రపు నీటిలో కలిపితే ఆ నీటినే పాడుచేయగలిగినంతటి మాట పలికావని ప్రవక్త (స) ఆమెను హెచ్చరించారు (అబూదావూద్, తిర్మిజీ). ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, చేసింది చేతి సైగ. ప్రవక్త (స) దానిని "మాట" అన్నారు. పైగా ఆ సమయంలో సఫియ్యా (రజి) అక్కడ లేరు. ఎదుట లేని మనిషి విషయంలోనే ఇంత కఠినమైన హెచ్చరిక ఉంటే, ఎదుట నిలబడి ఉన్నవాని ముఖం మీద, వేలాది మంది చూస్తుండగా చేసే సైగ సంగతి వేరే చెప్పాలా?

దివ్య ఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరాలో (29, 30 ఆయతులు) అపరాధులు విశ్వాసులను చూసి నవ్వేవారని, వారి పక్కనుంచి వెళ్లేటప్పుడు ఒకరికొకరు కన్నుగీటుకునేవారని అల్లాహ్ తెలిపాడు. కన్నుగీటడం ఎంత చిన్న పని! అయినా అది కర్మల చిట్టాలో నమోదయింది. హుమజా సూరా మొదటి ఆయతులో వినాశాన్ని గూర్చి హెచ్చరించబడిన ఇద్దరిలో ఒకరు నోటితో ఎత్తిపొడిచేవాడనీ, మరొకరు చేత్తోనో కంటితోనో సైగ చేసి కించపరిచేవాడనీ అనేక మంది ముఫస్సిరీన్ వివరించారు. ఏ పదానికి ఏది అర్థమన్న విషయంలోనే వారి మధ్య భేదాభిప్రాయం ఉంది.

ఎవరి నాలుక నుంచీ చేతి నుంచీ ఇతర ముస్లిములు సురక్షితంగా ఉంటారో అతనే ముస్లిం అన్న ప్రసిద్ధ హదీసు (బుఖారీ) మనందరికీ తెలుసు. దీనిని వివరిస్తూ హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై) ఒక సూక్ష్మమైన విషయం చెప్పారు. హదీసులో "మాట" అని కాక "నాలుక" అని ఎందుకు అన్నారంటే, ఎగతాళిగా నాలుక బయటపెట్టి వెక్కిరించేవాడు కూడా ఈ హెచ్చరిక పరిధిలోకి రావాలని. హిజ్రీ 852లో మరణించిన ఆ పండితుడు ఫుట్‌బాల్ మైదానం చూసి ఉండరు. కానీ మనిషి స్వభావాన్ని చూశారు.

ఎదుటివారు ముస్లిములు కాకపోతే?

ఈ ఆదేశాలన్నీ ముస్లిముల మధ్య వ్యవహారానికే కదా అని ఎవరైనా అడగవచ్చు. హుజురాత్ సూరా 11వ ఆయతు సంబోధన విశ్వాసులకే. కానీ అందులో ఒక జనం మరో జనాన్ని ఎగతాళి చేయకూడదని సాధారణ పదంతోనే వారించడం జరిగింది. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని కారణం కూడా చెప్పబడింది. ఎవరి ముగింపు ఎలా ఉంటుందో ఏ మానవునికీ తెలియదు కనుక ఈ కారణం అందరికీ వర్తిస్తుంది. ఒక యూదుని శవయాత్ర వెళ్తుంటే ప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదుని జనాజా అని సహచరులు గుర్తుచేస్తే, అది కూడా ఒక ప్రాణమే కదా అని ఎదురు ప్రశ్నించారు (బుఖారీ, ముస్లిం). మృతునికే అంత గౌరవం ఇచ్చిన ధర్మం బతికున్న ప్రత్యర్థిని కించపరచనిస్తుందా?

అయితే ప్రతి సైగా పాపమేనా?

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఒక ఉదాహరణ చూద్దాం. టెక్సాస్ విశ్వవిద్యాలయం జట్టుకు పొడవాటి కొమ్ముల ఎద్దు చిహ్నం. చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి కొమ్ముల్లా చూపడం 1955 నుంచి వారి అభివాదం. ఎదుటి జట్లవారు అదే సైగను తలకిందులు చేసి, కొమ్ములు నేలవైపు దించి చూపుతారు. 2018లో వెస్ట్ వర్జీనియా జట్టు టెక్సాస్‌పై గెలిచిన మ్యాచ్‌లో ఈ సైగకు 15 గజాల పెనాల్టీ పడింది. 2024లో టెక్సాస్ మరో కూటమిలో చేరినప్పుడు అక్కడి రిఫరీల అధికారి మరోలా చెప్పారు. ఆ సైగ చేసినంత మాత్రాన ప్రతిసారీ పెనాల్టీ ఉండదని, ఎవరి ఎదుట, ఏ సందర్భంలో, ఎలా చేశారన్నది చూస్తామని అన్నారు. వేళ్ల కదలిక ఒక్కటే. మరి ఒకచోట తప్పయినది మరోచోట ఎలా కాకుండా పోతుంది?

ఇమామ్ గజాలీ (రహ్మలై) తన "ఇహ్యా ఉలూమిద్దీన్"లో నాలుక ఆపదలను వివరిస్తూ ఈ చిక్కుముడిని విప్పారు. ఎగతాళి అంటే ఎదుటివానిని తక్కువచేసి, నవ్వు పుట్టించే విధంగా అతని లోపాన్ని ఎత్తిచూపడం అని, అది మాటతోనూ, నటనతోనూ, సైగతోనూ జరగవచ్చునని ఆయన చెప్పారు. అయితే ఎదుటివాడు దానివల్ల నొచ్చుకున్నప్పుడే అది హరామ్ అని, తనను గురించి నవ్వుకోవడాన్ని తానే ఇష్టపడే వ్యక్తి విషయంలో అది పరిహాసం కిందికి వస్తుందని కూడా అన్నారు.

దీనికి ప్రవక్త జీవితంలోనే నిదర్శనం ఉంది. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత ఆమె శరీరం బరువెక్కాక మళ్లీ పందెం వేస్తే ప్రవక్త (స) గెలిచారు. ఇది ఆనాటి దానికి బదులు అన్నారు (అబూదావూద్). ఆ మాట వెనుక ప్రేమ ఉంది. అందులో ఎవరి లోపమూ ఎత్తిచూపడం లేదు. విన్న ఆమె దానిని మనసులో ముల్లులా దాచుకోలేదు, మురిపెంగా మనకు చెప్పారు. కాబట్టి గెలిచి సంతోషించడం, స్నేహితుల మధ్య చతురోక్తి విసురుకోవడం ఇస్లాంలో నిషిద్ధం కాదు.

కానీ ఇమామ్ గజాలీ చెప్పిన షరతును మన యువకులు తేలికగా తీసుకోకూడదు. "వాడేమీ అనుకోడు, నవ్వేశాడు కూడా" అంటారు. నలుగురిలో పరువు పోతున్నప్పుడు మనిషి నవ్వక ఏం చేస్తాడు? ఆ నవ్వు చాలాసార్లు సమ్మతి కాదు, గాయానికి కట్టుకున్న కట్టు. పరుగుపందెంలో పాల్గొన్నవారు భార్యాభర్తలు, ఒకరి మనసు ఒకరు ఎరిగినవారు. మైదానంలో ఎదురుపడ్డ అపరిచితుని మనసు నీకెలా తెలుసు? తెలియనప్పుడు జాగ్రత్త వహించడమే తఖ్వా.

"ఆవేశం లేనిదే ఆట ఏముంది?"

చదువుకున్న కొందరు యువకులు మరో వాదన చేస్తారు. ఉహద్ యుద్ధంలో హజ్రత్ అబూ దుజానా (రజి) ఎర్రని తలపాగా చుట్టి, శత్రువుల ఎదుట ఠీవిగా నడిచారు కదా, ప్రవక్త (స) ఆయనను ఆపలేదు కదా అంటారు. సీరత్ గ్రంథాల్లో ఈ సంఘటన ఉన్నమాట నిజమే. కానీ అప్పుడు ప్రవక్త (స) చెప్పిందేమిటి? ఇలాంటి సందర్భంలో తప్ప ఈ నడక అల్లాహ్‌కు అయిష్టమైనది అన్నారు. అంటే అసలు నియమం అయిష్టత. మినహాయింపు ప్రాణాలమీదికి వచ్చిన యుద్ధానికి. ఆట యుద్ధం కాదు. ఎదుటి జట్టువాడు శత్రువు కాడు. వాడు లేకపోతే నీకు ఆటే లేదు.

ఆటలో ఆవేశం ఎలా ఉండాలో కూడా ప్రవక్త (స) నేర్పారు. అస్లమ్ తెగవారు విలువిద్యలో పోటీపడుతుండగా అటు వెళ్లిన ఆయన వారిని ప్రోత్సహిస్తూ తాను ఫలానా వారి పక్షాన ఉన్నానన్నారు. వెంటనే రెండో జట్టువారు బాణాలు ఆపేశారు. కారణం అడిగితే, మీరు వారి పక్షాన ఉండగా మేమెలా వేయగలం అన్నారు. అప్పుడు ఆయన, వేయండి, నేను మీ అందరి పక్షాన ఉన్నాను అన్నారు (బుఖారీ). ఒక జట్టు మనసు చిన్నబోతే ప్రవక్త (స) తన మాటనే విశాలం చేసుకున్నారు. పోటీ ఆగలేదు, ఉత్సాహం తగ్గలేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

నియమం అవసరమే, అయినా చాలదు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 2011 నుంచి ఒక నియమం అమలులో ఉంది. ఆటగాడు గీత దాటకముందే ఎదుటివారిని వెక్కిరిస్తే ఆ స్కోరు రద్దవుతుంది. ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు అనుచిత ప్రవర్తనకు దొరికితే మైదానం వదలి వెళ్లాలి. సైగకే ఇంత కాఠిన్యమా అనేవారు 2024 నవంబరు 30న జరిగినదాన్ని చూడాలి. ఆ రోజు మిషిగన్ జట్టు ఒహాయో స్టేట్ జట్టును దాని సొంత మైదానంలోనే 13-10తో ఓడించింది. గెలిచినవారు తమ జెండాను మైదానం నడిమధ్యలో పాతబోయారు. ఓడినవారు అడ్డుపడ్డారు. రెండు జట్లూ కలబడ్డాయి. విడదీయడానికి పోలీసులు మిరియాల స్ప్రే ప్రయోగించవలసి వచ్చింది. ఇరు విశ్వవిద్యాలయాలకూ చెరి 1,00,000 డాలర్ల జరిమానా పడింది.

పెద్ద కీడుకు దారితీసే చిన్న పనిని ముందుగానే ఆపడాన్ని మన ఫుఖహా "సద్దె జరాయె" అంటారు. బహుదైవారాధకుల దైవాలను దూషించవద్దని, అలా చేస్తే వారు అజ్ఞానంతో అల్లాహ్‌ను దూషిస్తారని అన్ఆమ్ సూరా 108వ ఆయతు ఆదేశిస్తోంది. నీ మాటకు ఎదుటివాడి బదులు ఏమవుతుందో ఆలోచించడం కూడా నీ బాధ్యతే అని దీని సారం. కాబట్టి ఈ నియమాలను మనం స్వాగతించాలి.

అయితే రిఫరీ చూడగలిగింది వేళ్లను మాత్రమే. హృదయాన్ని చూడలేడు. ఈల భయంతో చేయి దించుకున్నవాడి మనసులో అహంకారం అలాగే ఉండిపోవచ్చు. రిఫరీ అటు తిరిగినప్పుడు అది బయటపడుతుంది. కంటి దొంగచూపులనూ, గుండెల్లో దాగినదానినీ ఎరిగిన అల్లాహ్ ఎదుట నిలబడవలసి ఉందన్న స్పృహ ఉన్నవానికి అటు తిరిగే రిఫరీ ఉండడు.

రెండు తూకాలు వద్దు

2023 ఏప్రిల్ 2న డాలస్‌లో మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. లూసియానా స్టేట్ జట్టు 102-85తో అయోవా జట్టుపై గెలిచింది. గెలిచిన జట్టులోని ఒక నల్లజాతి క్రీడాకారిణి తన ముఖం ముందు చేయి ఊపుతూ ప్రత్యర్థి వైపు సైగ చేసింది. దానిపై పెద్ద దుమారం రేగింది. నిజానికి అదే సైగను అదే టోర్నమెంటులో అంతకుముందు అయోవా జట్టు శ్వేతజాతి క్రీడాకారిణి చేసినప్పుడు చాలామంది ముచ్చటపడ్డారు. ఒకరు చేస్తే ఉత్సాహం, మరొకరు చేస్తే పొగరు! ఇక్కడ మెచ్చుకోవలసిన విషయం ఏమిటంటే, ఓడిపోయిన ఆ క్రీడాకారిణే ముందుకొచ్చి, గెలిచిన అమ్మాయిని విమర్శించడం తగదని చెప్పింది.

కన్నుగీటేవారి ప్రస్తావన ముతఫ్ఫిఫీన్ సూరా చివరిలో ఉందని పైన చెప్పుకున్నాం. ఆ సూరా ఏ హెచ్చరికతో మొదలవుతుందో గుర్తుచేసుకోండి. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం ఉందన్న హెచ్చరికతో. ఒకే సూరాలో రెండు తూకాలవారూ, సైగలతో వెక్కిరించేవారూ ఉండటంలో ఆలోచించేవారికి గొప్ప గుణపాఠం ఉంది. ఎదుటివానిని తక్కువ చేసి చూసే మనసే రెండు చోట్లా పనిచేస్తుంది. మన జట్టువాడి వెక్కిరింపు సరదాగా, ఎదుటి జట్టువాడిది అహంకారంగా కనిపిస్తే మన తూకంలోనే దోషం ఉందని గ్రహించాలి.

గెలిచిన చేయి

ప్రవక్త (స) వారి "అజ్బా" అనే ఒంటెను పందెంలో ఏ ఒంటే దాటేది కాదు. ఒకనాడు ఒక పల్లెవాసి తన చిన్న ఒంటె మీద వచ్చి దానిని దాటేశాడు. సహచరులకు చాలా కష్టం కలిగింది. అది గమనించిన ప్రవక్త (స), ప్రపంచంలో పైకెదిగిన దేనినైనా కిందికి దించడం అల్లాహ్ తనపై విధించుకున్న నియమమని వివరించారు (బుఖారీ). ఆయన ఆ పల్లెవాసిని తప్పుపట్టలేదు, మరోసారి పందెం వేద్దామని అడగలేదు. ఈ ఒక్క హదీసు ఓడినవానికి ఓదార్పు, గెలిచినవానికి హెచ్చరిక.

ఇక గెలుపు సంగతి చూడండి. హిజ్రీ 8 (క్రీ.శ. 630)లో మక్కా జయించబడిన రోజుకు మించిన విజయం ఏముంది? తనను తరిమేసిన నగరంలోకి ప్రవక్త (స) వినమ్రంగా తల వంచుకొని ప్రవేశించారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ రోజు అన్సారుల నాయకుడు హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఉద్వేగంలో, నేడు కోతకోసే రోజు అని అబూ సుఫ్యాన్‌ను ఉద్దేశించి అన్నారు. ప్రవక్త (స) దానిని తోసిపుచ్చి, నేడు అల్లాహ్ కాబాను గౌరవించే రోజు అన్నారు (బుఖారీ). సఅద్ (రజి) చేతిలోని జెండాను తీసి మరొకరికి అప్పగించారని సీరత్‌కారులు రాశారు. ఆయన గొప్ప సహాబీ. త్యాగాలు చేసినవారు. అయినా ఓడినవారి గుండెల్లో గుచ్చుకునే ఒక్క మాటకు జెండా చేతులు మారింది. ఎదుటివాడి మైదానంలో జెండా పాతాలని ఉవ్విళ్లూరే యువకులు దీనిని మరచిపోకూడదు.

ఓడినవానికి కూడా ఆదర్శం ఉంది. ఉహద్ రోజు ముస్లిములు గాయాలతో ఉండగా అబూ సుఫ్యాన్ ప్రవక్త (స), అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి)ల పేర్లెత్తి పిలిచాడు. బదులివ్వవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. కానీ అతను విగ్రహాన్ని కీర్తించినప్పుడు మాత్రం, అల్లాహ్ అందరికన్నా ఉన్నతుడని బదులివ్వమన్నారు (బుఖారీ). తమ సొంత పరువు విషయంలో మౌనం, సత్యం విషయంలో స్పష్టమైన సమాధానం. మనం సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తుంటాం.

మన ఇళ్లలో

తల్లిదండ్రులారా! పిల్లవాడు ఆడి ఇంటికి రాగానే "గెలిచావా?" అని అడుగుతాం. దానితోపాటు "ఓడినవారితో ఎలా ఉన్నావు?" అని కూడా అడగండి. టీవీలో మ్యాచ్ చూస్తూ ఎదుటి జట్టు ఆటగాడి రంగును, శరీరాన్ని, ఊరిని వెక్కిరించే మాట మన నోట వస్తే పక్కన కూర్చున్న పసివాడు దానిని సున్నతులా నేర్చుకుంటాడని గుర్తుంచుకోండి. జట్టు అభిమానం హద్దు మీరి ఊరిమీదికి, కులంమీదికి, మతంమీదికి మళ్లిందంటే అది ఆట కాదు, అసబియ్యత్. ఒక ముహాజిర్, ఒక అన్సారీ గొడవపడి తమతమ వర్గాలను కేకవేసి పిలిచినప్పుడు, ఆ పిలుపును వదలండి, అది దుర్గంధమయమైనది అని ప్రవక్త (స) అన్నారు (బుఖారీ, ముస్లిం).

యువకులారా! సైగ చేయడానికి చేయి లేచినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇదే సైగ నా తమ్మునికి ఎవరైనా చేస్తే, దానిని చూసి నేను నవ్వగలనా? నవ్వగలిగితే అది సరదా. నవ్వలేకపోతే ఆ చేతిని దించి, ఓడినవానికి అందించండి. కుస్తీలో పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలశాలి అని ప్రవక్త (స) సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). కోపాన్ని అదుపు చేయడం ఎంత కష్టమో, గెలిచిన క్షణాన సంతోషాన్ని అదుపు చేయడం కూడా అంతే కష్టం. రెండింటిలోనూ పరీక్ష ఒకటే.

అల్లాహ్ మన చేతులను, నాలుకలను ఇతరులను నొప్పించడం నుంచి కాపాడుగాక! గెలుపులో వినయాన్ని, ఓటమిలో సహనాన్ని మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.